సపోర్టు లేదన్న కంప్యూటరులో లోపం వెతకడం ఎలా?

(కోయంబత్తూరులో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బాగా చదవండి, పైకి రండి అనే మాట నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పారు. దానికి నేను చేర్చగలిగింది ఏమీ లేదు. నేను ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్ల సర్వీసు పని చేసుకుంటున్న వాణ్ణి. అందుచేత నాకు తెలిసిన పని గురించే మాట్లాడతాను. మధ్యలో ఎక్కడైనా తమిళ మాట దొర్లితే పెద్దలు మన్నించాలి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పనిలో ఇంగ్లీషు అయిన బ్రతుకులు మనవి.

మీలో చాలామంది ఇళ్ళలో ఉన్నది పెద్ద కంపెనీ పేరున్న కంప్యూటరు కాదు. చెన్నైలో రిచీ స్ట్రీటులోనో, బెంగళూరులో ఎస్.పి. రోడ్డులోనో, ముంబయిలో లామింగ్టన్ రోడ్డులోనో, లేకపోతే మన వీధి చివర తెలిసినవారి కొట్లోనో మదర్‌బోర్డు, ర్యామ్, క్యాబినెట్ విడివిడిగా కొని బిగించిన అసెంబుల్డ్ కంప్యూటరు. అన్న చదువుకని కొన్నది అన్న ఉద్యోగంలో చేరాక చెల్లెలికి వస్తుంది. చెల్లెలి తరువాత పిన్నిగారి అబ్బాయికి వెళుతుంది. అలాంటి పెట్టెలకు 2025లో ఒక చిక్కు వచ్చింది.

2015 జూలైలో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆపేసింది. పేరు నమోదు చేసుకున్న వ్యక్తిగత వాడకందారులకు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించింది. సరే, విండోస్ 11కు మారదాం అంటే దానికి అర్హతలు ఉన్నాయి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు అంటే మన దగ్గర ఉంటాయి. ఇబ్బంది మిగతా రెండింటితోనే. ఒకటి, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. డిస్కులోని సమాచారానికి వేసే తాళపు చెవులను దాచే చిన్న ఇనప్పెట్టె అనుకోండి. రెండు, ప్రాసెసరు ఆ కంపెనీ ప్రకటించిన జాబితాలో ఉండాలి. ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదవ తరం నుంచి, ఎఎండి అయితే రైజెన్ 2000 వరుస నుంచి ఆ జాబితా మొదలవుతుంది. ఏడవ తరం, ఆరవ తరం, నాలుగవ తరం ప్రాసెసర్లు ఎంత బాగా పనిచేస్తున్నా, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, జాబితాలో లేవు.

అయినా వాటిలో విండోస్ 11 ఎక్కుతుంది. ఎక్కించేటప్పుడు జరిగే అర్హత తనిఖీని దాటవేసే మార్గాలు ఉన్నాయి. రూఫస్ అనే ఉచిత ఉపకరణంతో పెన్‌డ్రైవు తయారు చేసేటప్పుడే ఆ తనిఖీ వద్దని టిక్కు పెట్టవచ్చు. అలా ఎక్కించడం మేము సిఫారసు చేయము, అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఇవ్వము అని కంపెనీ చెబుతోంది. తల్లిదండ్రులు ఇక్కడ ఒక తేడా గమనించాలి. అసలైన లైసెన్సు ఉన్న విండోస్‌ను జాబితాలో లేని కంప్యూటరులో నడపడం దొంగ సాఫ్ట్‌వేరు వాడడం కాదు. లైసెన్సు లేకుండా ‘యాక్టివేటర్’ అని ఏదో ఎక్కించుకోవడం వేరే సంగతి. అది చట్టానికీ విరుద్ధం, చాలాసార్లు దానితోపాటు వైరస్ కూడా ఇంట్లోకి వస్తుంది. ఆపిల్ కంపెనీ మ్యాక్ ఓఎస్‌ను మామూలు అసెంబుల్డ్ కంప్యూటరులో నడిపే ‘హ్యాకింటోష్’ కూడా వేరే సంగతే. ఆపిల్ ముద్ర ఉన్న యంత్రాల మీదే వాడాలని దాని లైసెన్సులోనే ఉంది. అలా చేసి అమ్మిన సైస్టార్ అనే కంపెనీకి వ్యతిరేకంగా 2009లో అమెరికా కోర్టు తీర్పు ఇచ్చింది. కుర్రవాళ్ళు కొందరు నన్ను దీని గురించి అడుగుతుంటారు కనుక చెప్పాను. మన విషయం అది కాదు.

మన విషయం ‘సపోర్టు లేదు’ అనే మాట. ఆ మాటకు అర్థం, ఈ కలయికను కంపెనీ పరీక్షించలేదు, చెడితే పూచీ పడదు అని. అంతవరకే. చెడిపోతుందని కాదు, చెడితే దానికి కారణం ఇదే అని అసలే కాదు. కాని బజారులో ఈ మాట వేరేగా వాడుకలోకి వచ్చింది. కంప్యూటరు ఆగిపోయిందా, సపోర్టు లేని విండోస్ గదా, అలాగే ఉంటుంది. నెట్ రాలేదా, సపోర్టు లేదు గదా. ఈ సమాధానం వినగానే వెతకడం ఆగిపోతుంది. ఆ తరువాతి మాట ఎప్పుడూ ఒకటే: కొత్తది కొనండి.

2025 డిసెంబరులో నేను చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. వారి అనుమతితోనే చెబుతున్నాను, పేర్లు మాత్రం చెప్పను. ఆయన పంపుసెట్లు చేసే వర్క్‌షాపులో లేత్ మీద పని చేస్తారు. అమ్మాయి ఇంజనీరింగు మూడవ సంవత్సరం. కంప్యూటరు వాళ్ళ అన్న చదివే రోజుల్లో బిగించినది. ఆరవ తరం ఐ5-6500 ప్రాసెసరు, హెచ్110 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, తరువాత వేయించిన 240 జీబీ ఎస్‌ఎస్‌డి. నవంబరు మొదట్లో ఒక కొట్టుకు తీసుకెళ్ళి విండోస్ 11 వేయించుకున్నారు. మూడు వారాలకు కష్టాలు మొదలయ్యాయి. అమ్మాయి ప్రాజెక్టు ప్రోగ్రాము నడుపుతుండగా కంప్యూటరు ఉన్నట్టుండి ఆరిపోయి మళ్ళీ మొదలవుతోంది. కొన్నిసార్లు నీలి తెర వస్తోంది. మళ్ళీ కొట్టుకు వెళితే, దీనికి సపోర్టు లేదమ్మా, ఇలాగే ఉంటుంది, లాప్‌టాప్ తీసుకోండి అన్నారు. ఆ కొట్టు ఆయన్ని నేను తప్పు పట్టను. మూడు వందల రూపాయల సర్వీసుకు ఎవరూ నాలుగు రోజులు కూర్చుని వెతకరు.

వాళ్ళ అమ్మగారు నాకు అక్క వరస. ఫోను చేసి, "తమ్ముడూ, ఈ నెల చీటీ పాడితే నలభై వేలు చేతికొస్తాయి. జూన్‌లో ఫీజుకని పెట్టుకున్న చీటీ అది. పాడమంటావా?" అని అడిగింది.

నాలుగు రోజులు ఆగక్కా అన్నాను.

నేను ముందు కంప్యూటరును ముట్టుకోలేదు. అమ్మాయికి ఒక నోటు పుస్తకం పెట్టమన్నాను. ఎప్పుడు ఆగింది, అప్పుడు ఏ పని జరుగుతోంది, తెర మీద ఏం కనిపించింది, ఫ్యాను చప్పుడు పెరిగిందా, యూపీఎస్ కూత పెట్టిందా. ప్రతిసారీ ఒక వరుస రాయాలి. నాలుగు రోజుల తరువాత చూస్తే పదకొండు వరుసలు ఉన్నాయి. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు. మన పిల్లలు చాలామంది ఇలాగే రాస్తారు. ఎలా రాసినా పరవాలేదు, చూసిన వెంటనే రాయాలి. సాయంత్రానికి జ్ఞాపకం మీద రాస్తే అందులో మన అనుమానాలు కూడా కలిసిపోతాయి.

ఆ పదకొండు వరుసలు చదివితే ఇవి రెండు వేరు వేరు జబ్బులని తెలిసిపోయింది. తొమ్మిది సార్లు ఏ నీలి తెరా లేదు, టక్కున నల్లగా అయి మళ్ళీ మొదలైంది. ఆ తొమ్మిదిసార్లూ పెద్ద ప్రోగ్రాము నడుస్తోంది. మిగిలిన రెండుసార్లు నీలి తెర వచ్చింది, రెండుసార్లూ వీడియో చూస్తున్నప్పుడే వచ్చింది. ఇంట్లో అందరూ దీనినంతా కలిపి ‘ఆగిపోతోంది’ అని ఒకే మాటతో చెబుతూ వచ్చారు.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. విండోస్‌కు లోపల దెబ్బ తగిలితే చాలావరకు ఒక ఆనవాలు వదిలి పోతుంది. నీలి తెర మీద ఒక కోడు వేస్తుంది, డిస్కులో మినీడంప్ అనే ఫోల్డరులో ఒక చిన్న ఫైలు రాస్తుంది. కరెంటు అందకపోతే ఏదీ రాసే తీరిక ఉండదు. మళ్ళీ మొదలయ్యాక మాత్రం, నన్ను సరిగ్గా ఆపకుండానే ఆరిపోయాను అని ఈవెంట్ వ్యూయర్‌లో రాసుకుంటుంది. దాని పేరు కెర్నెల్-పవర్, నంబరు 41. ఈ 41 కనిపించగానే కరెంటు దోషం అని తేల్చేయకూడదు. అది జరిగిన సంగతి చెబుతుందే గాని కారణం చెప్పదు. దానిని తెరిచి వివరాల్లో బగ్‌చెక్‌కోడ్ అనే వరుస చూడాలి. అక్కడ సున్న కాక వేరే అంకె ఉంటే విండోస్ తనంతట తాను పడిపోయింది. సున్న ఉంటే, విండోస్‌కు చెప్పుకునే అవకాశమే రాలేదు. కరెంటు పోయి ఉండవచ్చు, బిగుసుకుపోయి ఉండవచ్చు, ఎవరైనా రీసెట్ నొక్కి ఉండవచ్చు. ఈ అమ్మాయి తొమ్మిదిసార్లకూ సున్నలే ఉన్నాయి.

అప్పుడు అసలు పరీక్ష పెట్టాము. లోపం విండోస్‌దా, యంత్రానిదా అని తేల్చాలంటే విండోస్‌నే పక్కన పెట్టి చూడాలి. లైనక్స్ మింట్ లాంటిది ఒక పెన్‌డ్రైవులో పెట్టి, డిస్కును ముట్టుకోకుండా, ఆ పెన్‌డ్రైవు నుంచే కంప్యూటరును నడపవచ్చు. ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, ఖర్చు లేదు. నాలుగు కోర్లకూ ఒకేసారి బరువు పనిపెట్టి కూర్చున్నాము. ఇరవై నిమిషాలు తిరగకుండానే కంప్యూటరు అదే విధంగా టక్కున ఆరిపోయి మొదలైంది. అక్కడ విండోస్ లేదు. పది కాదు, పదకొండు కాదు, ఏ విండోసూ లేదు.

ఈ ఒక్క పరీక్ష కొట్టులో జరిగి ఉంటే చీటీ మాటే వచ్చి ఉండేది కాదు. పెన్‌డ్రైవు ఉన్న ప్రతి విద్యార్థీ దీనిని ఇంట్లో చేసుకోవచ్చు. లైనక్స్‌లో కూడా ఆగిపోతే విండోస్ మీద నింద తీసేయండి. లైనక్స్‌లో గంటల తరబడి నిలబడి విండోస్‌లోనే పడిపోతుంటే అప్పుడు విండోస్, డ్రైవర్లు, డిస్కు వైపు చూడండి. డిస్కు అని ఎందుకు అంటున్నానంటే పెన్‌డ్రైవు నుంచి నడిపినప్పుడు డిస్కుకు పనే ఉండదు. కనుక ఈ పరీక్ష డిస్కును మంచిదని చెప్పదు.

ఇక యంత్రంలో ఎక్కడ? వేడి చూశాము, బరువు మీద కూడా అరవై అయిదు డిగ్రీలు దాటలేదు, అది కాదు. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86+ అనే పరీక్షతో రాత్రంతా నడిపాము, ఒక్క తప్పూ రాలేదు. యూపీఎస్ తీసేసి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి చూశాము, మార్పు లేదు. ఇవన్నీ ఒకేసారి చేయలేదు. ఒక్కొక్కటి మార్చి, పాత విధంగా ఆగుతోందా లేదా చూసి, నోటు పుస్తకంలో రాసి, తరువాత రెండవది. మూడు ఒకేసారి మార్చేస్తే బాగైనా ఏది బాగుచేసిందో తెలియదు. వచ్చే నెల మళ్ళీ వస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

అంతదాకా చూస్తూ కూర్చున్న వాళ్ళ నాన్నగారు అప్పుడు ఒక మాట అన్నారు. "బావా, మోటారు ఉత్తగా తిరుగుతుంది, నీళ్ళ బరువు పడగానే నిలిచిపోతుంది. అప్పుడు మేం ముందు ఓల్టేజీ చూస్తాం. దీనికి చూడరా?" వర్క్‌షాపు మల్టీమీటరు ఇంట్లోనే ఉంది. నేను కూడా అక్కడికే వస్తున్నాను కాని, కొలిచే పని ఆయన చేతే చేయించాను. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే నాలుగు తీగల పాత రకం కనెక్టరులో పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, నలుపు రెండూ గ్రౌండు. ఖాళీగా ఉన్నప్పుడు పసుపు తీగ మీద 11.9 చూపించింది. బరువు పనిపెట్టాక దిగుతూ దిగుతూ 11.2కు వచ్చింది. కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్‌లకు పెట్టుకున్న ప్రమాణం ప్రకారం 12 వోల్టులు అయిదు శాతం అటూ ఇటూ ఉండవచ్చు, అంటే 11.4కు తగ్గకూడదు. ఏళ్ళ తరబడి పని చేసిన ఎస్‌ఎంపీఎస్, పైగా క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చినది.

రెండు హెచ్చరికలు. మల్టీమీటరులో అంకె సరిగ్గా కనిపించినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ మంచిదని కాదు. లిప్తపాటులో పడి లేచే ఓల్టేజీని అది పట్టలేదు. అందుచేత, మంచిదని తెలిసిన ఇంకొక ఎస్‌ఎంపీఎస్ ఒక రోజు అడిగి తెచ్చి పెట్టి చూడడమే నమ్మకమైన పరీక్ష. మేమూ అదే చేశాము. ఆరు గంటలు బరువు మీద నడిచింది, ఆగలేదు. రెండవ హెచ్చరిక పిల్లలకు: ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. దానిని బాగుచేయించకండి, మార్చండి. వాళ్ళు కొత్తది రెండు వేల రెండు వందలకు తెచ్చుకున్నారు.

నల్లగా ఆరిపోవడం అంతటితో పోయింది. నీలి తెర పోలేదు. ఇంట్లో వాళ్ళు కొంచెం దిగులు పడ్డారు గాని, నోటు పుస్తకం ముందే చెప్పింది గదా, అది రెండవ జబ్బు. తెర మీద కోడు ‘వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్’. దాని కింద ఉన్న ఫైలు పేరు ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవరుది. ఇది వయసుతో వచ్చినదే. ఆరవ తరం నుంచి పదవ తరం వరకు ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌కు ఇంటెల్ 2022లోనే మామూలు డ్రైవర్ల విడుదల ఆపి, ముఖ్యమైన మరమ్మతులకే పరిమితం చేసింది. ఇలాంటి యంత్రానికి కొత్త డ్రైవరు దొరకడం అరుదు, దొరికిందని ఎవరైనా అంటే అనుమానించాలి. ఈ కంప్యూటరులో ‘డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేస్తాం’ అనే ఒక ప్రోగ్రాము ఎవరో ఎక్కించారు. అది ఎక్కడిదో ఒక డ్రైవరు తెచ్చి కూర్చోబెట్టింది. దానినీ, ఆ ప్రోగ్రామునూ తీసేసి, విండోస్ అప్‌డేట్ తనంతట ఇచ్చే డ్రైవరును పెట్టాము. తరువాత నీలి తెర రాలేదు.

మూడవది ఎవరూ ఫిర్యాదు చేయనిది. నా దృష్టిలో అదే అన్నిటికంటే పెద్దది. విండోస్ బొమ్మ ఉన్న మీట, ఆర్ అనే మీట కలిపి నొక్కితే ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో విన్‌వర్ అని, అంటే డబ్ల్యు, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే మీ విండోస్ ఏ వెర్షనో చెబుతుంది. ఈ కంప్యూటరులో 23హెచ్2 అని ఉంది. కొట్టులో తమ దగ్గర ఉన్న పాత పెన్‌డ్రైవుతో ఎక్కించారు. ఇళ్ళలో వాడే హోమ్, ప్రో రకాలకు ఆ 23హెచ్2 గడువు 2025 నవంబరు 11తోనే ముగిసింది. అంటే విండోస్ 10కు సపోర్టు పోయిందని భయపడి, డబ్బు ఇచ్చి, వారం పది రోజుల్లో సపోర్టు పోయే విండోస్ 11 వేయించుకున్నారు. పైకి చూస్తే కొత్త విండోస్, లోపల భద్రతా అప్‌డేట్లు లేవు. అమ్మాయి అదే కంప్యూటరులో బ్యాంకు ఖాతా చూస్తోంది, స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఆధార్ కాగితాలు పంపుతోంది.

‘సపోర్టు లేదు’ అనే మాట నిజంగా వర్తించేది ఇక్కడే. జాబితాలో ఉన్న కంప్యూటరుకు ఏడాదికొకసారి కొత్త వెర్షను దానంతట అదే వస్తుంది. లేని దానికి సాధారణంగా రాదు. నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లు మాత్రం, ఉన్న వెర్షను గడువు ముగిసేదాకా, నేను చూసిన యంత్రాల్లో వస్తూనే ఉన్నాయి. అయితే అది హామీ కాదు. కొత్త వెర్షనును మనమే, మైక్రోసాఫ్ట్ సొంత సైటు నుంచి దింపుకుని, తనిఖీ దాటవేసే పెన్‌డ్రైవు చేసుకుని, చేతితో ఎక్కించుకోవాలి. మేము 25హెచ్2 ఎక్కించాము. దానికి హోమ్, ప్రో రకాల్లో 2027 అక్టోబరు వరకు గడువు ఉంది. ఆ తేదీ వాళ్ళ ఇంట్లో క్యాలెండరు పక్కన గోడ మీద రాసి ఉంది. ఇన్సూరెన్సు ప్రీమియం తేదీ ఎలా గుర్తుపెట్టుకుంటామో దీనినీ అలాగే పెట్టుకోవాలి. ఈ శ్రద్ధ పెట్టలేని ఇంట్లో సపోర్టు లేని విండోస్ ఉండకూడదని నా అభిప్రాయం. అక్కడ లైనక్సే మంచిది. దానికి లైసెన్సు ఖర్చు లేదు, పాత యంత్రమని వెళ్ళగొట్టదు, అప్‌డేట్లు వస్తాయి. కాలేజీలో అడిగే సాఫ్ట్‌వేరు అందులో నడుస్తుందా అన్నది మాత్రం ముందే కనుక్కోవాలి.

కొత్త వెర్షను ఎక్కించే ముందు చేసిన పనులు కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్ళలో నష్టం జరిగేది అప్పుడే. మొదట ప్రాజెక్టు, సర్టిఫికెట్లు, ఫొటోలు అన్నీ వేరే డిస్కులోకి తీసి, ఆ డిస్కును ఇంకొక కంప్యూటరులో తెరిచి చూశాము. తెరిచి చూడని బ్యాకప్పు బ్యాకప్పు కాదు. తరువాత డిస్కుకు ఎన్‌క్రిప్షన్ ఉందా అని చూశాము. మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ఎక్కించిన విండోస్ 11లో అది మనకు తెలియకుండానే మొదలై ఉండవచ్చు. అది ఉన్నప్పుడు బయోస్‌లో టీపీఎం సెట్టింగు మార్చితే, కంప్యూటరు 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చుంటుంది. ఆ కీ లేకపోతే డిస్కులో ఉన్నది ఉన్నట్టే పోతుంది, ఏ సర్వీసు వాళ్ళూ తీయలేరు. కనుక ముందు ఆ కీని మీ ఖాతా నుంచి తీసి కాగితం మీద రాసుకోండి. వాళ్ళ దాంట్లో ఎన్‌క్రిప్షన్ లేదు. టీపీఎం కూడా లేదనే ఇన్నాళ్ళూ అనుకున్నారు. ఉంది. ఇంటెల్ వాళ్ళ పీటీటీ అనే పేరుతో బయోస్‌లో ఆపి ఉంది, ఎఎండి బోర్డుల్లో దానిని ఎఫ్‌టీపీఎం అంటారు. ఆన్ చేశాము. ప్రాసెసరు జాబితాలో లేనిది లేనట్టే గాని, రెండు కొరతల్లో ఒకటి తీరింది.

దీనితోపాటు మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చాము. ముప్పై నలభై రూపాయలు ఉంటుంది. ఇంత పాత బోర్డుల్లో అది అయిపోతే తేదీ వెనక్కు పోతుంది, వెబ్‌సైట్లు తెరుచుకోవు, బయోస్ సెట్టింగులు మొదటికి వచ్చి, మనం ఆన్ చేసిన టీపీఎం ఆఫ్ అవుతుంది. అదీ విండోస్ నెత్తినే పడుతుంది.

మొత్తం ఖర్చు రెండు వేల మూడు వందలు దాటలేదు. చీటీ జూన్‌కు అలాగే ఉంది.

అన్ని పెట్టెలూ ఇలా బాగుపడతాయని నేను చెప్పడం లేదు. కోర్ 2 డుయో కాలం నాటి ప్రాసెసర్లలో 24హెచ్2 నుంచి వచ్చిన విండోస్ 11 అసలు మొదలే కాదు. దానికి కావలసిన కొన్ని ఆదేశాలు ఆ ప్రాసెసర్లకు తెలియవు, తనిఖీ దాటవేసినా లాభం లేదు. మదర్‌బోర్డే పోతే ఆ తరానికి కొత్త బోర్డు దొరకడం కష్టం, పాతది కొంటే నమ్మకం లేదు. అలాంటప్పుడు డబ్బు పోయవద్దు. ఇంకొకటి, కాలేజీ వాళ్ళు లాప్‌టాప్ తరగతికి తెమ్మంటే ఇంట్లో పెట్టె ఎంత బాగున్నా పనికిరాదు. అది వేరే అవసరం, దానికి కొనవలసిందే. ఆన్‌లైను పరీక్ష ఉంటే ఆ పరీక్ష ప్రోగ్రామును కనీసం రెండు రోజుల ముందు మీ యంత్రం మీద నడిపి చూసుకోండి. పరీక్ష రోజు పొద్దున నాకు ఫోను చేస్తే నేను చేయగలిగింది చాలా తక్కువ.

తల్లిదండ్రులకు ఒక మనవి. కొట్టులో సపోర్టు లేదు, కొత్తది కొనండి అన్నప్పుడు గొడవ పడనక్కరలేదు. "అయ్యా, లైనక్స్‌లో పెట్టి చూశారా? అక్కడ కూడా ఆగిందా?" అని అడగండి. చూడలేదంటే చూడమనండి, ఆ శ్రమకు తగిన డబ్బు ఇవ్వండి. విండోస్ వేయించుకుంటే అక్కడే విన్‌వర్ కొట్టించి వెర్షను చూసుకుని, దాని గడువు తేదీ అడిగి, బిల్లు వెనుక రాయించుకోండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఈ రెండు ప్రశ్నలు చాలు. వాళ్ళు మీతో మాట్లాడే పద్ధతి మారుతుంది.

పిల్లలు నన్నే కాదు, ఎవరిని సాయం అడిగినా ‘పని చేయడం లేదు’ అని మాత్రం చెప్పకండి. ఏ ప్రాసెసరు, ఏ బోర్డు, ఎంత ర్యామ్, విన్‌వర్‌లో ఏముంది, ఎప్పటి నుంచి, ఆ రోజు కొత్తగా ఏం చేశారు, తెర మీద కనిపించిన అక్షరాలు యథాతథంగా. ఇవి ఉంటే ఫోనులోనే సగం తేలిపోతుంది. నీలి తెర వస్తే ఫోనుతో ఒక ఫొటో తీయండి.

భోజనాల తరువాత నేను హాలు వెనుక బల్ల దగ్గర ఉంటాను. లైనక్స్ మింట్ పెట్టిన పెన్‌డ్రైవులు అయిదు తెచ్చాను, కావలసినవారు తీసుకెళ్ళి, పని అయ్యాక ట్రస్టు ఆఫీసులో ఇవ్వండి. ఇందాక చెప్పిన అమ్మాయి కూడా ఆ బల్ల దగ్గరే ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి 41 ఎక్కడుంటుందో, బగ్‌చెక్‌కోడ్ ఎలా చదవాలో తాను చూపిస్తానని చెప్పింది. మీ కంప్యూటరు వివరాలు ఒక కాగితం మీద రాసుకుని రండి.